చెప్పి వెళ్లడం

(సొసైటీ వార్షికోత్సవ సభలో, ఉద్యోగాల కోసం, పై చదువుల కోసం ఊరు విడిచి వెళ్తున్న విద్యార్థులను ఉద్దేశించి ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



వెళ్లే పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఫోన్ చేశారు. బీఈడీ చేసినవాడిని, ఇరవై ఏళ్లకు పైగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నవాడిని కనుక చదువు గురించే మాట్లాడతానని ఆయన అనుకొని ఉంటారు. చదువు గురించి చెప్పేవాళ్లు వేదిక మీద ఇంకా ముగ్గురున్నారు. నేను ఒక సింహం గురించి, ఒక పెద్దాయన గురించి చెప్పి కూర్చుంటాను.

నేను బడిపంతులు కాకముందు విశాఖపట్నం జూలో ఐదేళ్లు పనిచేశానన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. దాచుకున్నదేమీ లేదు, ఎవరూ అడగలేదు అంతే. 1997లో బీఈడీ చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. డీఎస్సీ పడితే రాయాలి, పడేదాకా తినాలి. మా చిన్నాన్న విశాఖలో ఉండేవారు. ఆయన తెలిసినవాళ్లతో మాట్లాడి జూలో దినకూలీగా పెట్టించారు. మా ఊళ్లో ఈ కబురు తెలిసి, ‘బీఈడీ చదివి పేడ ఎత్తుతున్నాడట’ అని నవ్వుకున్నారు. అందులో అబద్ధం ఏమీ లేదు. మొదటి ఏడాది నేను ఎత్తింది అదే.

విశాఖ జూ మీలో చాలామంది చూసే ఉంటారు. 1977లో ప్రజల కోసం తెరిచారు. కంబాలకొండ అడవి పక్కన దాదాపు 625 ఎకరాలు. ఒక గేటు జాతీయ రహదారి మీదికి, ఇంకో గేటు సముద్రం వైపు. చూడటానికి వెళ్లినవాళ్లకు అది ఒక రోజు సరదా. లోపల పనిచేసేవాళ్లకు అది గొలుసులు, తాళాలు, బకెట్లు, చీపుళ్లు. పొద్దున వెళ్లగానే పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి పోవాలి. జంతువుల లెక్క చూడాలి. రాత్రి పెట్టిన తిండి ఎంత మిగిలింది, మలం ఎలా ఉంది, కుంటుతోందా, మూలన పడుకుందా, ఇవన్నీ చూడాలి. పులినీ సింహాన్నీ బయటి ఆవరణలోకి వదిలి, మధ్య తలుపు దించి, తాళం వేసి, ఆ తాళాన్ని లాగి చూసి, రెండో మనిషి చేత కూడా లాగించి, అప్పుడే లోపల కడగడానికి దిగాలి. సాయంత్రం మాంసం తూచి పెట్టి, అన్నీ రిజిస్టర్లో రాయాలి. జంతువు తన నొప్పి చెప్పుకోలేదు కదా. ఆ రిజిస్టరే దాని నోరు. డాక్టరు గారు పొద్దున్నే ముందు దాన్నే చూస్తారు.

నాకు ఈ పని నేర్పింది ఒక పెద్దాయన. ఆనందపురం వైపు పల్లె ఆయనది. అప్పటికే ఆయన చాలా ఏళ్లుగా కీపరు. పేరు చెప్పడం ఆయనకు ఇష్టం ఉండదు, అందుకని చెప్పను. నేను బాబాయ్ అనేవాడిని. ఆయన నన్ను మొదట్లో వెటకారంగా, తర్వాత నిజంగానే, ‘మాస్టారూ’ అనేవాడు. జంతువు చెవి చూసి దానికి జ్వరమో కోపమో చెప్పగలిగేవాడు. కానీ ఆయనకు చదవడం, రాయడం రాదు. ఈ సంగతి ఎవరికీ తెలియదు. అంతకుముందు ఎవరి చేత రాయించేవాడో నాకు తెలియదు కానీ, నేను వెళ్లిన రెండో నెల నుంచి ప్రతి సాయంత్రం నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చునేవాళ్లం. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. ‘కళ్లద్దాలు మరిచిపోయినాను, నువ్వు రాసెయ్ మాస్టారూ’ అనేవాడు. ఐదేళ్లలో ఒక్కరోజు కూడా ఆయన దగ్గర కళ్లద్దాలు నేను చూడలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇక సింహం సంగతి. సర్కస్‌లలో సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతుల చేత ఆటలాడించకూడదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ వాళ్లు కోర్టుకు వెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ ఉత్తర్వునే నిలబెట్టింది. మరి ఆ జంతువులన్నీ ఎక్కడికి పోవాలి? అడవిలో వదిలితే వేటాడటం రాదు. అందుకోసం కొన్ని ఊళ్లలో సంరక్షణ కేంద్రాలు పెట్టారు. మన రాష్ట్రంలో విశాఖలో ఒకటి, తిరుపతిలో ఒకటి. ఆ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా రకం, మన గిర్ రకం కలిసిపోయినవి. అందుకని వాటికి పిల్లలు పుట్టనివ్వరు. ఉన్నంతకాలం తిండి పెట్టి, మందులు వేసి, ప్రశాంతంగా పోనివ్వడమే అక్కడి పని.

బాబాయ్‌నీ నన్నూ ఆ పనికి వేశారు. అందులో ఒక ముసలి ఆడసింహం ఉండేది. పళ్లు అరిగిపోయాయి, ఒక కన్ను పొర కమ్మింది. ముసలమ్మ అని పిలిచేవాళ్లం. దాన్ని మొదటిసారి మట్టి నేల మీదికి వదిలిన రోజు నాకు బాగా గుర్తు. ఎదురుగా అంత జాగా ఉంది, చెట్టు ఉంది, ఎండ ఉంది. అది గోడ పక్కన నిలబడి నాలుగు అడుగులు ముందుకు, నాలుగు అడుగులు వెనక్కు నడవడం మొదలుపెట్టింది. సర్కస్ బోను ఎంత పొడవో అంతే. బోను పోయింది కానీ దాని కొలత కాళ్లలో ఉండిపోయింది. ఐదో అడుగు వేయడానికి దానికి మూడు వారాలు పట్టింది. ఆ రోజు బాబాయ్ నాకు టీ ఇప్పించాడు.

అది నా గొంతు విని తినేది. ఎముక లేకుండా కోసిన ముక్కలు నేను కమ్మీల సందులోంచి పట్టకారుతో పెడితేనే ముట్టేది. వేరేవాళ్లు పెడితే వాసన చూసి వెళ్లి పడుకునేది.

2002లో డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. మా సొంత జిల్లాలోనే, ప్రకాశంలో. ఆర్డరు చేతికి వచ్చాక పదిహేను రోజులు గడువు దొరికింది. మా పనిలో మానేయడమంటే కాగితం ఇచ్చి వెళ్లిపోవడం కాదు. మామూలు ఆఫీసులో చార్జ్ అప్పగించడమంటే తాళాలూ ఫైళ్లూ. అక్కడ ఒక ప్రాణాన్ని అప్పగించాలి. కొత్తగా వచ్చిన కుర్రాడిని వెంట పెట్టుకొని తిరిగాను. మొదటి మూడు రోజులు వాడు నా వెనక ఊరికే నిలబడ్డాడు, వాసన అలవాటు కావడానికి. తర్వాత బకెట్ వాడు మోశాడు, పిలుపు నాది. ఆ తర్వాత పిలుపు వాడిది, పట్టకారు నాది. ఒకరోజు రెండూ వాడికే ఇచ్చి నేను పక్కన నిలబడ్డాను. ఆ రోజు ముసలమ్మ తినలేదు. మర్నాడూ తినలేదు. నాకు లోపల సంతోషం కలిగిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. నేను లేకపోతే తినదన్న గర్వం. బాబాయ్ నా మొహం చూసి కనిపెట్టేశాడు. ‘మాస్టారూ, నీ కోసం అది పస్తుంటే నీకేటి లాభం? కనిపించకుండా అవతలికి పో’ అన్నాడు.

పోయాను. పద్నాలుగో రోజు వాడి చేతి ముక్క అది తిన్నది. చివరిరోజు నేను దూరంగా నిలబడి చూశాను. ఒకసారి తలెత్తి నా వైపు చూసి, మళ్లీ తినడంలో పడింది. మనసు చివుక్కుమంది. కానీ అంతకంటే మంచి వీడ్కోలు నాకు ఆ తర్వాత ఎవరూ ఇవ్వలేదు. మనం లేకపోయినా వాళ్లు అన్నం తినేలా చేసి వెళ్లడమే సరైన సెలవు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాడిగా మిగిలిపోతాను. కానీ అసలు చెప్పవలసింది ఇప్పుడు మొదలవుతుంది.

చివరిరోజు సాయంత్రం తోటివాళ్లందరికీ మిరపకాయ బజ్జీలు, టీ ఇప్పించాను. అందరి చేతులూ పట్టుకొని సెలవు తీసుకున్నాను. బాబాయ్ ఆ రోజు అవతలి వరసలో పనిలో ఉన్నాడు. నడిచి వెళ్తే ఐదు నిమిషాలు. నేను వెళ్లలేదు. బస్సుకు టైమైందని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సు రాత్రి తొమ్మిదింటికి.

ఎందుకు వెళ్లలేదు? నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, ఆయన అక్కడే ఉండిపోతున్నాడు. నాకు పని నేర్పిన మనిషి ముందు, ఆయనకు ఎప్పటికీ దొరకనిదాన్ని చేత్తో పట్టుకొని నిలబడటానికి మొహం చెల్లలేదు. పైగా ఇంకో సంగతి. రేపటి నుంచి సాయంత్రం ఆయన రిజిస్టరు ఎవరు రాస్తారు? సింహాన్ని అప్పగించడానికి పదిహేను రోజులు కష్టపడిన నేను, ఆ మనిషి పరువును ఎవరికీ అప్పగించలేదు. దాని గురించి మాట్లాడాలంటే ఆయనకు చదువు రాదన్న మాట ఇద్దరి మధ్యా పైకి రావాలి. దానికి భయపడ్డాను.

మన ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. ఊరు విడిచి వెళ్లేటప్పుడు, ముఖ్యంగా హజ్‌కు వెళ్లేటప్పుడు, ఇంటింటికీ వెళ్లి ‘కహా సునా మాఫ్ కర్నా’ అంటాం. అన్నవీ విన్నవీ మనసులో పెట్టుకోవద్దని అడుగుతాం. నేను ఇంటికి చేరగానే మా అమ్మ అడిగింది, ‘అందరి దగ్గరా మాఫీ తీసుకున్నావా?’ అని. తీసుకున్నానమ్మా అన్నాను. అబద్ధం చెప్పాను.

మూడేళ్ల తర్వాత మా బడి పిల్లలను విహారయాత్రకు విశాఖ తీసుకెళ్లాను. జూకు వెళ్లాం. ముసలమ్మ పోయింది. బాబాయ్ పని మానేసి ఊరికి వెళ్లిపోయాడని చెప్పారు. నేను చార్జ్ అప్పగించిన కుర్రాడు ఉన్నాడు. ‘మీరెళ్లాక బాబాయ్ ఎవర్నీ రాయమని అడగలేదు సార్’ అని చెప్పాడు. మరి ఎలా? చిన్న నోటుబుక్కులో బొగ్గు ముక్కతో గుర్తులు పెట్టుకునేవాడట. అంతా తింటే నిండు సున్నా. సగం మిగిలితే అర సున్నా. ముట్టకపోతే అడ్డగీత. కుంటితే వంకర గీత. రోజూ సాయంత్రం ఆ బుక్కు ఈ కుర్రాడి ముందు పెట్టి, ‘నా రాత నీకు తెలవదు గానీ, నేను సదువుతాను, నువ్వు రాయి’ అనేవాడట. చదువు రానివాణ్ణని ఒప్పుకోవడానికి బదులు ఆయన తన కోసం ఒక లిపి తయారు చేసుకున్నాడు. నేను ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, అలాంటి విద్యార్థిని చూడలేదు.

పిల్లలను తోటి టీచరుకు అప్పజెప్పి, ఆటో చేసుకొని ఆయన ఊరు వెళ్లాను. అరుగు మీద కూర్చొని జీడిపిక్కలు ఒలుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. పిల్లలెందరు, జీతం ఎంత అని అడిగాడు. నేను తప్పయిపోయిందని అనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి అన్నాడు: ‘సింహానికి పదేను రోజులు సెలవు సెప్పినావు మాస్టారూ. నాకు ఒక్క పూట సెప్పనేదు.’

అందులో కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. నాకు మాట రాలేదు. కాసేపు ఆగి, ‘సర్లే, ఇప్పుడైనా సెప్పి ఎల్లు’ అన్నాడు. నేను లేచి ఆయన రెండు చేతులూ పట్టుకొని, ‘వెళ్లొస్తాను బాబాయ్, మాఫ్ చెయ్యి’ అన్నాను. మూడేళ్లు ఆలస్యంగా చేరిన మాట అది. ఆయన తీసుకున్నాడు.

ఆ తర్వాత మా మధ్య రాకపోకలు ఆగలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు జూలో చెట్లు నేలకూలాయని టీవీలో చూసి ఫోన్ చేస్తే మూడు రోజులు కలవలేదు. నాలుగో రోజు ఆయనే పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేశాడు. తన ఇంటి కప్పు సంగతి చివర్లో చెప్పాడు. ముందు చెప్పింది జంతువుల సంగతి. ఇప్పుడు ఆయన లేడు. ఆ నోటుబుక్కు మాత్రం నా దగ్గర ఉంది. ఆయనే ఇచ్చాడు.

పిల్లలూ, మీరు రేపు హైదరాబాద్ వెళ్తారు, బెంగళూరు వెళ్తారు, కొందరు గల్ఫ్ వెళ్తారు. పెద్దవాళ్లకు, మీకు సాయం చేసిన దాతలకు చెప్పే వెళ్తారు, నాకు సందేహం లేదు. అది తేలిక. ఎవరి ముందు నిలబడటానికి మీకు మొహం చెల్లదో, వాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి. మీతో కలిసి పరీక్ష రాసి తప్పిన స్నేహితుడు ఉంటాడు. మీ కోసం చదువు మానేసి పనికి వెళ్లిన అన్నో అక్కో ఉంటారు. ఇన్నాళ్లూ అమ్మ మందుల చీటీ చదివి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మీరే చెప్పి ఉంటారు. రేపటి నుంచి అది ఎవరు చెబుతారో ఒకరికి అప్పగించి వెళ్లండి. మీరు చేస్తున్న చిన్న పనులు మీరు లేనప్పుడే పెద్దవిగా కనబడతాయి.

దాతలకు, పెద్దలకు ఒక్క మాట. మనమూ ఏదో ఒకరోజు ఈ కుర్చీలు వదిలి వెళ్లేవాళ్లమే. మన పక్కన బకెట్ మోసే కుర్రాడిని ఇప్పటి నుంచే నిలబెట్టుకుందాం. వాడి చేతి ముద్ద తిన్నప్పుడు మన మనసు కాస్త చివుక్కుమంటుంది. అయినా ఫర్వాలేదు.

 నా మాటల్లో ఎవరికైనా నొప్పి కలిగితే, కహా సునా మాఫ్. సెలవు.