యొర్దానులో ఏడు మునకలు
(మన సంఘం సాంస్కృతిక సమావేశంలో చదివిన ప్రసంగ పాఠం)

ఈ సభలో ప్రభువును నమ్ముకున్నవాళ్లం ఉన్నాం, కొండ దేవతలకు మొక్కేవాళ్లూ ఉన్నారు. ఇటుకల పండక్కీ, క్రిస్మస్‌కీ ఒకరింటికి ఒకరం వెళ్లి భోజనం చేసేవాళ్లమే. కాబట్టి మేము చెప్పబోయేది బోధ అనుకోవద్దు. బైబిల్లోని ఒక కథ మా ఇంటి తప్పును మాకు చూపించింది. అది చెప్పుకుందామని వచ్చాం.

కథ రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో ఉంది. నయమాను సిరియా రాజు సైన్యానికి అధిపతి. యుద్ధాలు గెలిచినవాడు, రాజుకు కుడిభుజం. కానీ కుష్ఠురోగి. అక్కడి హీబ్రూ మాట రకరకాల చర్మ వ్యాధులకు వాడేవారని, ఇప్పటి కుష్ఠే అని ఖాయంగా అనలేమని పండితులు చెబుతారు. జబ్బు ఏదైనా, దాంతో వచ్చే సిగ్గు మనకు తెలిసిందే.

అతని ఇంట్లో ఇశ్రాయేలు పిల్ల ఒకతె పనిచేస్తోంది. సిరియా దండు దోపిడీకి పోయినప్పుడు ఎత్తుకొచ్చిన పిల్ల. పేరు కూడా రాయలేదు, చిన్నది అని మాత్రమే ఉంది. తన ఊరిని దోచిన సైన్యానికి పెద్ద ఇతనే. ఇతని ఒంటి మీద మచ్చలు చూసి, బాగా అయిందిలే అని లోపల అనుకున్నా తప్పుపట్టే వారెవరు? ఆ పిల్ల అలా అనుకోలేదు. మా దేశంలో ప్రవక్త ఉన్నాడు, అయ్యగారు అక్కడికి వెళ్తే బాగుపడతారు అని యజమానురాలితో చెప్పింది.

నయమాను బయలుదేరాడు. ఊరికే కాదు, 10 టాలెంట్ల వెండి, 6,000 షెకెళ్ల బంగారం, 10 జతల బట్టలు కట్టుకుని వెళ్లాడు. ఆ బంగారం ఒక్కటే ఇప్పటి తూకంలో 60 కిలోలు దాటుతుంది. గుర్రాలతో, రథాలతో ఎలీషా గుమ్మం ముందు ఆగితే, ప్రవక్త బయటికే రాలేదు. మనిషిని పంపి, యొర్దానులో ఏడుసార్లు మునిగి రమ్మన్నాడు. అంతే! నయమానుకు ఒళ్లు మండింది. తానే బయటికొచ్చి, దేవుణ్ణి పిలిచి, చెయ్యి ఆడించి బాగుచేస్తాడనుకున్నాను అన్నాడు. మా దమస్కులో అబానా, ఫర్పరు నదులు లేవా, ఈ నీళ్లకంటే అవి మంచివి కావా అన్నాడు.

ఈ మాట చదివి మేము ఎన్నోసార్లు నవ్వుకున్నాం. గుడిలో ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ చిన్నపిల్ల మేమే అనుకునేవాళ్లం. మనల్ని ఎవరు అడుగుతారు, మన మాట ఎవరు వింటారు అని. అడవి బిడ్డలం కదా, ఆ పాత్ర మనకు సులువుగా అతుకుతుంది.

మా చిన్నతాత తుడుము వాయిస్తే నాలుగు ఊళ్ల వాళ్లు థింసాకు దిగేవారు. ఒక చలికాలం పొయ్యిలో నిప్పు ఎగిరి ఆయన ముంజేతి మీద పడింది. బొబ్బ ఎక్కింది గాని ఆయనకు తెలియనే లేదు. నిప్పు పడినచోట పాలిపోయిన మచ్చ ఉంది. అది చూసింది మా ఇంటికి అప్పుడే వచ్చిన కోడలు, ఆశా కార్యకర్త. "తాతా, స్పర్శ లేని మచ్చ ఇది, చూపించుకోవాలి, మందులు డబ్బులు లేకుండానే ఇస్తారు" అంది.

మేమేం చేశాం? నిన్న గాక మొన్న వచ్చినదానివి, మా ఇంటికి ఆ రోగం అంటగడతావా అని కసిరాం. అందరం, ఆడవాళ్లం కూడా. మా కొండ మీద వేర్లు లేవా, ఆకులు లేవా అన్నాం. అబానా, ఫర్పరు అంటే అవే. వేర్ల మీద మాకు ఇప్పటికీ గౌరవమే. ఆ రోజు మాట్లాడింది మాత్రం వేర్ల మీద నమ్మకం కాదు, పరువు.

రెండేళ్లు పోయాయి. తుడుము పుల్ల చేతిలోంచి జారుతుంటే, ఆయన పక్కన వాయించే కుర్రాళ్లు బతిమాలి సాలూరు కుష్ఠు ఆసుపత్రికి తీసుకెళ్లారు. నయమానును కూడా అతని పనివాళ్లే ఒప్పించారు కదా. ఏదైనా కష్టమైన పని చెబితే చేసేవాడివే, స్నానం చేయమంటే ఎందుకు చేయవు అని. 12 నెలలు మాత్రలు మింగాడు తాత. జబ్బు పోయింది. వంగిన రెండు వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. రెండేళ్ల ముందు వెళ్లి ఉంటే ఆ వేళ్లు దక్కేవేమో.

నయమాను ఏడో మునకకు పసిపిల్లవాడి చర్మంతో లేచాడు. ఎలీషా కానుక ముట్టలేదు. అప్పుడు నయమాను అడిగినది చూడండి, రెండు కంచర గాడిదలు మోసేంత మట్టి ఇమ్మన్నాడు. ఏ నేల నీళ్లను తీసిపారేశాడో ఆ నేల మన్నే! అందులో మాకు అతని ప్రార్థన కనిపిస్తుంది. మట్టి విలువ మనకు ఒకరు చెప్పాలా?

మాకు ఇంకా లొంగని ప్రశ్న ఒకటి ఉంది. ఆ చిన్నపిల్ల ఏమైంది? అయ్యగారు బాగుపడి వచ్చాక ఆమెను అమ్మానాన్నల దగ్గరికి పంపారా? గ్రంథం చెప్పలేదు. దోచినవాడి ఒళ్లు బాగుచేసిన దేవుడు, దోపిడీలో వచ్చిన పిల్లను ఇంటికి ఎందుకు చేర్చలేదని మేము ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాం. జవాబు దొరికిందని అబద్ధం చెప్పలేం.

కోడలి దగ్గరికి మాత్రం వెళ్లాం. ఆలస్యంగానే. తాత ముందు, మేమంతా వెనక. ఆమె ఏమీ అనలేదు, టీ పెట్టింది. తాత గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగాడు. ఈ రోజు మీరు చూసిన థింసాకు తుడుము వాయించిన కుర్రాడు ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. తాత పక్కన కూర్చుని నోటితో దరువు చెబుతున్నాడు, మీరు గమనించే ఉంటారు.