షరతు పెట్టిన దానం
(ఉపకార వేతనాల పంపిణీ సభలో మన ట్రస్టు కోశాధికారి చేసిన ప్రసంగ పాఠం)

ఏటా నేను లెక్కలు చదవడం, మీరు ఓపికగా వినడం మామూలే. ఈసారి లెక్కల కాగితం మీ చేతికే ఇచ్చేశాము కనుక నా పది నిమిషాలు వేరే సంగతికి వాడుకుంటాను.

చెన్నపట్నంలో పచ్చయప్ప కాలేజీ తెలియని వారుండరు. మన ఇళ్లలో తాత, తండ్రి, కొడుకు అక్కడే చదివినవారున్నారు. ఆ పచ్చయప్ప మొదలియారు తమిళులు. 1754లో పుట్టి, దుబాసీ పనిలో బాగా గడించి, నలభై ఏళ్లకే 1794లో కాలం చేశారు. పోయే ముందు వీలునామా రాసి, ఆస్తిని శివ, విష్ణు ఆలయాల సేవకు, పేదలకు, సంస్కృత విద్యకు విడిచారు. తరువాత వ్యాజ్యాలు మొదలయ్యాయి. వడ్డీ మీద వడ్డీ చేరి మొత్తం లక్షలకు పెరిగింది. చివరకు అడ్వొకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుదలతో, కోర్టు ద్వారా ఆలయ ధర్మాలకు కేటాయించగా మిగిలిన సొమ్ము చదువుకు మళ్లింది. 1842లో బడి తెరిచారు, 1889కి అది కాలేజీ అయింది. గణిత మేధావి రామానుజన్ 1906లో అక్కడ చేరారు. (పరీక్ష తప్పారు, అది వేరే కథ.)

ఈ కథ చెప్పేవారు వీలునామాను మెచ్చుకుంటారు, కాలేజీని మెచ్చుకుంటారు. మధ్యలోని 48 ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. కోశాధికారిని కనుక నా చూపు అక్కడే ఆగుతుంది. డబ్బు భద్రంగానే ఉంది, పెరిగింది కూడా. ఆ డబ్బుతో చదవవలసిన పిల్లలు మాత్రం పెద్దవాళ్లయి, ముసలివాళ్లయి పోయారు.

ఇక మన సంగతి. 1994లో ఒక పెద్దావిడ భర్త పేరిట 20,000 రూపాయలు ఇచ్చారు. వడ్డీ వైద్య విద్యార్థికే ఇవ్వాలని షరతు. అప్పుడు నూటికి 12 చొప్పున ఏడాదికి 2,400 వచ్చేది, పుస్తకాలకు సరిపోయేది. 1999 నుంచి ఆరేళ్లు మనలో వైద్యం చదివే పిల్లలెవరూ దరఖాస్తు పెట్టలేదు. వడ్డీ బ్యాంకులోనే ఉండిపోయింది. ఆ ఆరేళ్లలోనే ఒక నర్సింగ్ అమ్మాయి అడిగింది. తండ్రి లేడు, తల్లి ఇంట్లో అప్పడాలు చేసి అమ్మేది. “షరతుకు లోబడి లేదు” అని రాసి దరఖాస్తు తిప్పి పంపింది నేనే. దాత అప్పటికి బతికే ఉన్నారు, రెండు వీధుల అవతలే. వెళ్లి “అమ్మా, నర్సింగుకు ఇవ్వమంటారా?” అని అడగవచ్చునని నాకు తోచలేదు. ఆ అమ్మాయి చదువు మానేసిందని తరువాత తెలిసింది. ఆ ఏడు నా లెక్కల్లో పైసా తేడా రాలేదు, ఆడిటరు గారు మెచ్చుకున్నారు.

దాత ఉన్నంతకాలం ఒక్క లేఖతో షరతు సడలించుకోవచ్చని, వారు పోయాక మనంతట మనం మార్చలేమని, కోర్టును అడగవలసి వస్తుందని మన వకీలు గారు చెప్పారు. ఆ పెద్దావిడ 2007లో పోయారు. ఆ నిధి ఇప్పటికీ వైద్య విద్యార్థికే. నేటి వడ్డీకి వచ్చేది ఏటా 1,300.

మన దగ్గర ఇటువంటి షరతు నిధులు 19 ఉన్నాయి. ఏడింటి దాతలు మన మధ్యనే ఉన్నారు, వారిలో ఐదుగురు ఈ హాల్లోనే కూర్చున్నారు. షరతు ఎత్తివేయమని నేను అడగడం లేదు, మీ మనసులో ఉన్నది మీదే. “తగిన విద్యార్థి లేని ఏడు ఈ వడ్డీని మరొక పేద విద్యార్థికి ఇవ్వవచ్చు” అన్న ఒక్క వాక్యం చేర్చి లేఖలు టైపు చేయించాను. వెనుక బల్ల మీద ఉన్నాయి, పెన్ను కూడా ఉంది. చదివి, ఇంట్లో వాళ్లతో మాట్లాడి ఇవ్వండి, తొందర లేదు. కానీ భోజనాలకు వెళ్లేటప్పుడు ఆ బల్ల పక్కగానే వెళ్లాలి, కుర్చీలు అలా వేయించాను.