తీగ మీద తరలివెళ్ళిన ఉద్యోగాలు



హోసూరు, కోలారు, పావగడ ప్రాంతాల మన తెలుగు ఇళ్ళలో బెంగుళూరు జీతం మీద నడిచేవి చాలా ఉన్నాయి. కొడుకో కూతురో రాత్రిపూట కంపెనీ కారెక్కి పనికి వెళ్ళి, తెల్లవారాక గది చేరుకుంటారు. అమెరికా వాళ్ళ పగలు మనకు రాత్రి కనుక ఈ వేళలు. ఆ పని ఇక్కడికి రాకముందు అక్కడ ఎవరో ఒకరు చేస్తూ ఉండేవారు. ఆ ఒకరు ఏమయ్యారన్నది ఈవేళ ముచ్చటించుకుందాం.

1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగుళూరులో కేంద్రం తెరిచింది. కొద్దికాలానికే ఇక్కడ చేసిన పని ఉపగ్రహం ద్వారా అమెరికా చేరసాగింది. ఆ తరువాత సముద్రగర్భంలో కేబుళ్ళు పడి ఖర్చు బాగా తగ్గిపోయింది. ప్రోగ్రాములు రాయడంతో ఆగక, ఫోనులో జవాబులు చెప్పడం, జమాఖర్చులు రాయడం, బీమా కాగితాలు పరిశీలించడం కూడా తరలివచ్చాయి. ఇలా ఉద్యోగం పోవడానికి అమెరికన్లు మన నగరం పేరునే క్రియాపదంగా వాడారు. ‘బెంగుళూర్డ్’ అన్నారు. అది నగరానికి కీర్తో, అపకీర్తో మీరే చెప్పాలి.

2015 నాటికి 33 లక్షల సేవారంగపు ఉద్యోగాలు దేశం దాటిపోతాయని 2002లో ఫారెస్టర్ అనే సంస్థ అంచనా వేసింది. ఏడాదికి రెండున్నర లక్షలన్నమాట. ఆ దేశంలో ఆ రోజుల్లో ప్రతి నెలా పదిహేను లక్షలకు పైగా మందిని యజమానులు పనిలోంచి తీసివేస్తూనే ఉండేవారు. ఆ లెక్కన ఇది చిన్న అంకె. 2004 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బుష్ ఆర్థిక సలహామండలికి నాయకత్వం వహిస్తున్న గ్రెగరీ మాన్‌క్యూ, ఇది కూడా ఒక రకం అంతర్జాతీయ వ్యాపారమేననీ, పోను పోను దేశానికి మేలేననీ అన్నారు. సొంత పార్టీవారే మండిపడ్డారు. ఎన్నికల సంవత్సరం మరి!

లెక్క ప్రకారం ఆయన మాటను కాదనడం కష్టం. కాని మనకు కోలారు బంగారు గనుల సంగతి తెలుసు. 2001లో అవి మూతపడినప్పుడు దేశం లెక్కలో అదీ చిన్న అంకె. మారికుప్పంలో తెల్లవారుజాము రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయేవారిని అడిగితే అది ఎంత పెద్దదో చెబుతారు. గని మూతపడిన కారణం వేరు, తవ్వే ఖర్చు బంగారం ధరను మించిపోయింది. కాని నడివయసులో పని పోయిన మనిషి కష్టం ఎక్కడైనా ఒక్కటే.

అమెరికాలో ఆ కష్టానికి మరో అవమానం తోడయింది. తమ స్థానంలోకి రాబోయేవారికి తామే పని నేర్పి మరీ వెళ్ళవలసి వచ్చింది చాలామందికి. విదేశీ పోటీ వల్ల పని పోయినవారికి భృతి, శిక్షణ ఇచ్చే చట్టం అక్కడ 1962 నుంచీ ఉంది. సాఫ్ట్‌వేర్ పనివారు దరఖాస్తు పెట్టుకుంటే మొదట్లో కార్మికశాఖ తిప్పికొట్టింది. వారు తయారుచేసేది ‘వస్తువు’ కాదట! 2009లో గాని చట్టాన్ని సవరించి సేవారంగం వారిని చేర్చుకోలేదు. 2022 జూలైలో గడువు తీరి, కొత్త దరఖాస్తులు ఆగిపోయాయి. దేశానికి లాభమన్న మాట నిజమే కావచ్చు. ఆ లాభంలోంచి నష్టపోయినవాడికి ముట్టింది మాత్రం బహు స్వల్పం.

అలన్ బ్లైండర్ అనే ఆర్థికవేత్త 2006లో ఒక మంచి మాట రాశారు. పని నిలిచేదీ పోయేదీ చదువు ఎక్కువతక్కువలను బట్టి కాదు, దాన్ని తీగ మీద పంపవచ్చునా లేదా అన్నదాన్ని బట్టి అని. ఎక్స్‌రే చూసి చెప్పే డాక్టరు పని సముద్రం దాటగలదు, కుళాయి బాగుచేసేవాడి పని దాటలేదు.

వచ్చిన పని ఇక్కడే ఉండిపోతుందనుకోవడానికి లేదు. ఫోను జవాబుల పనిలో ఫిలిప్పీన్స్ 2010 నాటికే మనను మించిందని పరిశ్రమవారే లెక్కగట్టారు. ఇప్పుడు యంత్రాలే జవాబులిస్తున్నాయి. పని పోతే మన పిల్లలకు ఆ 1962 చట్టంలాంటిది లేదు. ఇ.ఎస్.ఐ. వారు 2018లో అటల్ బీమిత వ్యక్తి కల్యాణ్ యోజన పెట్టారు. పని పోయినవారికి రోజు వేతనంలో సగం, 90 రోజుల వరకు ఇచ్చేలా 2020లో దాన్ని సవరించారు. అదీ జీవితంలో ఒక్కసారే. 2017లో పెట్టిన 21,000 రూపాయల పరిమితిని మించి జీతంతో చేరినవారికి అదీ వర్తించదు. మీ పిల్లలు ఈసారి ఇంటికి వచ్చినప్పుడు వారి జీతం చీటీలో ఇ.ఎస్.ఐ. కోత ఉందో లేదో అడిగి చూడండి.

సెలవు.