క్లిప్పులు వేసిన పళ్ళు కదిలితే



మీ పిల్లలకు పళ్ళకు క్లిప్పులు వేయించారా? కొన్ని వారాలకే "అమ్మా, పన్ను కదులుతోంది" అని వాళ్ళు బిక్కమొహం పెడితే కంగారుపడకండి. కాస్త కదలడం సహజమే.

పన్ను గోడకు కొట్టిన మేకు కాదు. దాని వేరుకూ దవడ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందాన సన్నని నారలుంటాయి. తీగ నెట్టినవైపు ఎముక కరుగుతుంది, వెనకవైపు కొత్తది పేరుకుంటుంది. కరగడం త్వరగా, పేరుకోవడం నిదానంగా జరుగుతాయి కనుక ఈలోగా పన్ను వదులవుతుంది. అయినా అది జరిగేది నెలకు సుమారు 1 మిల్లీమీటరే.

మా బళ్లారి వైపు బడుల్లో తెలుగు పిల్లలు పన్ను అంటారు, కన్నడ పిల్లలు హల్లు అంటారు. భయం మాత్రం ఒకటే. ఊడిపోతుందేమోనని బ్రష్ ముట్టరు! అసలు ముప్పు అక్కడే ఉంది. క్లిప్పుల సందుల్లో మెతుకులు నిలిచి చిగుళ్ళు వాస్తాయి, నెత్తురు కారుతుంది. ఆ జబ్బు ముదిరి ఎముకను తింటే పన్ను నిజంగానే ఊడుతుంది. మెత్తని బ్రష్‌తో, తిన్న ప్రతిసారీ తోమించండి. చెరకు, చిక్కీ కొన్నాళ్ళు మాన్పించండి. కదిలే పన్నును వేలితో ఆడించనివ్వకండి.

పన్ను బాగా ఊగినా, చీము కనిపించినా, నొప్పి వారం దాటినా బస్సు ఖర్చు చూసుకోకుండా క్లిప్పులు వేసిన డాక్టరు దగ్గరకే తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళు, ముఖ్యంగా షుగరున్నవాళ్ళు, క్లిప్పులకు ముందే చిగుళ్ళు చూపించుకోవాలి.

క్లిప్పులు తీశాక రిటైనరు ఇస్తారు. నారలు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. దాన్ని పెట్టెలో దాస్తే పళ్ళు మళ్ళీ పాతచోటికే బయలుదేరతాయి.