నొప్పి పోవడం వేరు, రాయి పోవడం వేరు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



కిడ్నీ రాయి నొప్పికి వెనకటి వైద్యులు ఏం చేసేవారో నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. ఇదంతా పాత చరిత్ర, మనకెందుకు అనుకోకండి. వాళ్లు పడ్డ తంటాల్లో మనం నేర్చుకోవలసింది ఒకటుంది. అది చెప్పడానికే ఈ చరిత్ర అంతా మనవి చేస్తున్నాను.

ముందు ఆ నొప్పి ఎందుకు వస్తుందో చూద్దాం. రాయి మూత్రపిండంలో కదలకుండా కూర్చుంటే చాలామందికి ఏళ్ల తరబడి ఏమీ తెలియదు. అది జారి మూత్రనాళంలో అడ్డుపడినప్పుడే అసలు గొడవ. మూత్రపిండం నుంచి మూత్రాశయం దాకా సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవుండే సన్నని గొట్టం అది. దారి మూసుకుంటే పైన మూత్రం నిలిచిపోతుంది, మూత్రపిండం ఉబ్బుతుంది. నొప్పి డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగుతుంది, వాంతులవుతాయి. మనిషి పడుకోలేడు, కూర్చోలేడు. ఇల్లంతా తిరుగుతాడు.

ఈ బాధ నిన్న మొన్నటిది కాదు. మన హకీములు బుఖ్రాత్ అని పిలిచే హిప్పోక్రటీస్ పేరిట ఉన్న ప్రమాణంలో రాయి ఉన్న రోగిని తాను కోయననీ, ఆ పని తెలిసినవారికే వదిలేస్తాననీ వైద్యుడు ఒట్టు పెట్టుకుంటాడు. ఆ రోజుల్లో కోత అంటే మూత్రాశయంలోని రాయికే. మన దేశంలో సుశ్రుతుడు కూడా ఆ కోత గురించి వివరంగా రాశాడు గాని, అన్ని ఉపాయాలూ అయిపోయాకే చేయమన్నాడు. మూత్రపిండం దాకా పోయే ధైర్యం సాధారణంగా వైద్యులకు లేదు. అంచేత గ్రీకు వైద్యులు వేడినీళ్ల స్నానం చేయించారు, నడుముకు కాపడం పెట్టారు. వేడికి కండరాలు కాస్త సడలుతాయి, రోగికి ఉపశమనం దొరుకుతుంది. మన ఇళ్లలో ఇప్పటికీ వేడినీళ్ల సీసా పెడుతున్నాం గదా, అది ఆనాటి వైద్యమే.

రెండో చిక్కు ఏమిటంటే, ఈ నొప్పి రాయిదా, పేగులదా అని పోల్చుకోవడం. జాలీనూస్, అంటే గాలెన్, క్రీస్తుశకం రెండో శతాబ్దంలో రోమ్‌లో పేరు మోసిన వైద్యుడు. ఆయనకే ఒకసారి బర్మాతో తొలిచినట్లు నొప్పి వచ్చింది. రాయి నాళంలో ఇరుక్కుందని తానే నిర్ణయించుకున్నాడు. సదాపాకు నూనెతో ఎనిమా తీసుకుంటే పేగులోంచి గాజులాంటి చల్లని ద్రవం పడి నొప్పి పోయింది. అప్పుడు తెలిసింది, అది పేగు నొప్పి అని! ఈ సంగతి ఆయనే తన గ్రంథంలో రాసుకున్నాడు. అంతటివాడికే తేడా తెలియలేదంటే ఈ నొప్పి ఎంత మోసకారిదో చూడండి.

ఆ తేడా తేల్చడానికి గట్టిగా పాటుపడినవారు అరబ్బీలో రాసిన హకీములు. రయ్ పట్టణానికి చెందిన అబూబక్ర్ అల్ రాజీ, 925 ప్రాంతంలో చనిపోయినవాడు, మూత్రపిండంలోనూ మూత్రాశయంలోనూ పుట్టే రాళ్ల మీదే ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. ఆయన తరువాతివాడు బూఅలీ సీనా తన ‘అల్ ఖానూన్’ మూడో భాగంలో, ఖూలంజ్ అనే పేగు నొప్పికీ రాయి నొప్పికీ భేదాలు చెప్పాడు. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పోతోంది, మలబద్ధం ఉందా, మూత్రంలో ఇసుక కనిపిస్తోందా అని అడగమన్నాడు. నేటి డాక్టరు మంచం పక్కన అడిగే ప్రశ్నలు కూడా ఇంచుమించు ఇవే. 1037లో హమదాన్‌లో బూఅలీ సీనా ప్రాణం తీసింది ఆ ఖూలంజేనని ఆయన శిష్యుడు రాసిపెట్టాడు.

వైద్యానికి వస్తే, నడుము మునిగేలా గోరువెచ్చని మూలికల నీళ్లలో కూర్చోబెట్టేవారు. దానికి ఆబ్‌జన్ అని పేరు. మూత్రం జారీ అయ్యే మందులిచ్చేవారు. మన ప్రాంతంలో యునానీ హకీములు పల్లేరు కాయలు, ఉలవలు, హజ్రుల్ యహూద్ అనే రాతి మందు వాడారు. పల్లెల్లో కొండపిండి ఆకు రసం తాగించారు. కొండనే పిండి చేస్తుందన్న ఆశ ఆ పేరులోనే ఉంది. ఉలవకట్టూ కషాయాలూ తాగితే ఒంట్లోకి నీరు పోతుంది, అది మంచిదే. కాని ఎక్కువమందిలో కనిపించే కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు ఇంతవరకు ఏ వైద్యంలోనూ రుజువు కాలేదు. యూరిక్ ఆమ్లపు రాయిని మాత్రం మూత్రాన్ని క్షారంగా మార్చి కరిగించవచ్చు.

ఇక నల్లమందు సంగతి. బూఅలీ సీనా నొప్పి తగ్గించేవాటిని మూడు రకాలు చేశాడు. నొప్పికి కారణాన్ని తొలగించేవి ఒకటి, సడలించి హాయినిచ్చేవి రెండు, మత్తెక్కించి స్పర్శ తెలియకుండా చేసేవి మూడు. నల్లమందు మూడో రకం. అసలైన మందు మొదటిదే అన్నాడు ఆయన. వెయ్యేళ్ల నాటి ఈ మాటను నేను మళ్లీ మళ్లీ తలచుకుంటాను.

మొదటి రకం మందు చేతిలో లేక వైద్యులు మూడోదాన్నే పట్టుకున్నారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు థామస్ సైడన్‌హామ్ నల్లమందును ద్రాక్షసారాలో కలిపి ఇచ్చేవాడు. ఆయనా ఈ రాళ్లతో బాధపడినవాడే. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో నల్లమందు నుంచి మార్ఫిన్ తీశారు. 1853లో ఎడింబరోలో అలెగ్జాండర్ వుడ్ చర్మం కిందికి సూదిమందు ఎక్కించాడు. ఆ తరువాత రాయి నొప్పికి మార్ఫిన్ సూది వాడుక అయింది. కొద్ది నిమిషాల్లో రోగి శాంతించేవాడు. కాని రాయి ఎక్కడిదక్కడే! పైగా కొందరికి ఆ మందే అలవాటై కూర్చుంది.

తరువాత దారి తెరుచుకుంది. 1896లో గ్లాస్గోలో జాన్ మకింటైర్ ఎక్స్‌రేతో మూత్రపిండంలో రాయిని చూపించాడు. నాళంలో అడ్డు పడినప్పుడు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు పెరిగి, మూత్రపిండంలో ఒత్తిడిని ఇంకా పెంచుతాయని తేలింది. వాటిని అణచే ఇండోమెథాసిన్‌ను సూదిమందుగా ఇస్తే నొప్పి తగ్గుతుందని 1978లో స్వీడన్ వైద్యులు ప్రకటించారు. అందుకే నేడు చాలామందికి మొదట ఇచ్చేవి డైక్లోఫెనాక్ వంటి మందులే, మార్ఫిన్ కాదు. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో, కోత లేకుండా బయటినుంచి పంపిన తరంగాలతో మొదటిసారి ఒక రోగికి మూత్రపిండంలోని రాయిని పిండి చేశారు.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. సూది వేయించుకోగానే నొప్పి పోతుంది. పోగానే, ‘అల్‌హమ్దులిల్లాహ్, రాయి పడిపోయింది’ అని మనిషి పనిలోకి పోతాడు. స్కానింగుకు డబ్బు దండగ అంటాడు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు ఎక్కువ భాగం వాటంతట అవే పోతాయి, నిజమే. కాని రాయి అక్కడే ఉండి, మూత్రపిండం అలసిపోయి ఒత్తిడి తగ్గినా నొప్పి తగ్గుతుంది. అలా వారాల తరబడి చప్పుడు లేకుండా అడ్డు ఉంటే ఆ మూత్రపిండం మళ్లీ కోలుకోకపోవచ్చు.

అంచేత నా మనవి ఇది. నొప్పి తగ్గినా స్కానింగ్ చేయించి రాయి పోయిందో లేదో చూసుకోండి. నొప్పితో చలి జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, ఒకటే మూత్రపిండం ఉన్నవారికి నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకండి, ఆ క్షణమే ఆసుపత్రికి పోండి. నొప్పి బిళ్లలు దుకాణంలో కొని మీ అంతట మీరు వాడకండి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అవి హాని చేస్తాయి. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు బిందెడు నీళ్లు బలవంతంగా తాగించడం వల్ల రాయి తోసుకుపోదు. నీళ్లు తాగవలసింది రోజూ, మూత్రం రెండు, రెండున్నర లీటర్లు అయ్యేలా. ఎండల్లో పనిచేసేవారు ఇంకా ఎక్కువ తాగాలి. రాళ్లున్నవారు రంజాన్‌కు ముందే డాక్టరును సంప్రదించి, ఇఫ్తార్ నుంచి సహర్ దాకా కొద్దికొద్దిగా నీళ్లు తాగుతూ ఉండాలి.

వెనకటి హకీములకు నొప్పి తగ్గించడం వచ్చు, కారణాన్ని తీసే సాధనం లేదు. మనకు ఆ సాధనం ఉంది. దాన్ని వాడుకోకుండా సూదితోనే తృప్తి పడితే, వాళ్లకంటే మనం ముందుకు పోయిందేముంది?