వాన రాకముందే పంచాయతీకి గ్రేడింగ్

(కాటారం మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, లింకేజీ, రికవరీ లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. నేను ఇంకో లెక్క గురించి మాట్లాడుతాను. రేపు వాగు పొంగితే మనల్ని కాపాడే సత్తా మన గ్రామ పంచాయతీకి ఎంత ఉంది?

2023 జూలై చివరి వారం వాన ఎవరం మరిచిపోలేదు. మన జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 616.5 మిల్లీమీటర్లు, పక్కన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ నీళ్లు ఎటూ పోకుండా చదును నేల మీద నిలిస్తే రెండడుగుల లోతు ఉంటాయి. జూలై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇండ్ల పైకెక్కి, పడవలు, హెలికాప్టర్లు వచ్చేదాకా ఎదురుచూశారు. ప్రాణాలు పోయినయి. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఇంకా ఎక్కువ మందిని తీసుకుపోయింది. అంతకు ముందు ఏడు, 2022 జూలైలో, మన పక్క మహదేవపూర్ మండలంలో కన్నేపల్లి పంపుహౌస్‌నే గోదావరి ముంచింది.

అంత వానను ఏ సర్పంచ్ ఆపలేడు. కానీ నీళ్లు గడప దాటకముందు దొరికే కొద్ది సమయం ఊరి చేతిలో ఉంటుంది. పడవ జిల్లా నుంచి రావాలి, ముందు కబురు మాత్రం ఊళ్లోనే పుట్టాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం కూడా స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, సామాను సిద్ధంగా పెట్టుకోవాలని చెబుతుంది.

సత్తా ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? పంచసూత్రాలు చూసి మన సంఘాలకు గ్రేడ్ ఇస్తున్నట్టే చూద్దాం. ఐదు ప్రశ్నలు చాలు.

ఒకటి, కబురు. వాతావరణ శాఖ ఎరుపు హెచ్చరిక ఇస్తే ఊరి చివరి ఇంటికి ఎంతసేపట్లో తెలుస్తుంది? కరెంటు పోతే మైకు మోగదు. అప్పుడు డప్పు ఎవరు కొడతారు, ఏ వాడకు ఎవరు పోతారు?

రెండు, చోటు. ఎత్తు మీద ఉన్న బడి ఏది? అర్ధరాత్రి దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. మనుషులు మారినా తాళంచెవి జాడ తెలియాలి. పశువులకూ చోటు చూడాలి. లోన్ తీసుకుని కొన్న బర్రెను కట్టుకొయ్యకు వదిలేసి ఏ ఆడమనిషీ ఇల్లు కదలదు.

మూడు, పట్టిక. నిండు గర్భిణులు, మంచం పట్టినవాళ్లు, ఒంటరి ముసలోళ్లు ఏ ఇండ్లల్లో ఉన్నారు? ఒక్కొక్కరిని ఎవరు తీసుకురావాలి?

నాలుగు, సామాను. పంచాయతీ ట్రాక్టర్‌లో డీజిల్ ఉందా? తాళ్లు, టార్చిలైట్లు ఉన్నాయా? ఈతొచ్చినవాళ్ల, చేపలు పట్టేవాళ్ల ఫోన్ నంబర్లు గోడ మీద రాసి ఉన్నాయా?

ఐదు, నీళ్ల దారి. మోరీలు తీశారా? చెరువు కట్ట, మత్తడి, తూము వానకు ముందు ఎవరైనా చూశారా? లోలెవల్ వంతెన మీద నీళ్లు పారుతుంటే మనుషుల్ని ఆపేదెవరు?

మార్కులు వేసేటప్పుడు ఒక్క నియమం పెట్టుకుందాం. "ఉంది" అన్న మాటకు మార్కు లేదు, చూపిస్తేనే మార్కు. సంఘం గ్రేడింగ్‌లో పుస్తకాలు చూడకుండా మార్కు వేస్తున్నామా? ఒక ఆదివారం గడియారం పట్టుకుని కబురు పంపి చూడండి. చివరి ఇంటికి అరగంట పట్టిందంటే ఆ అరగంటే మన గ్రేడ్.

పంచాయతీ మీద న్యాయంగా ఉండాలి కూడా. పెద్ద చెరువు కట్ట పని నీటిపారుదల శాఖది. పడవలు, బలగాలు కావాలంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ చూడాలి. అవి చేయలేదని పంచాయతీకి మార్కు కోయొద్దు. వానకు ముందే పై ఆఫీసుకు రాసిందా, ఆ కాగితానికి అందినట్టు ముద్ర ఉందా? అదొక్కటి అడుగుదాం.

మనం అడగడమేందని ఎవరైనా అంటారేమో. 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామైక్య సంఘం అధ్యక్షురాలిని పంచాయతీలో కోఆప్షన్ సభ్యురాలిగా కూర్చోబెట్టింది. ఓటు లేకున్నా మాట ఉంది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని కూడా ఆ చట్టమే చెప్పింది. మనం రాసిచ్చే గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో కలుస్తుంది. తాడు, టార్చి, మోరీ పని అందులో రాయకుంటే వాటికి పైసలు రావు.

అందుకే ప్రతి గ్రామైక్య సంఘం రోహిణి కార్తెలోనే ఈ ఐదు ప్రశ్నలకు మార్కులు వేసి, తీర్మానం పుస్తకంలో రాసి, ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి మండల సమాఖ్యకు ఇవ్వాలని కోరుతున్నాను. తక్కువ మార్కులు వచ్చిన ఊరికి మనమే ముందు పోదాం. మృగశిర వచ్చినంక చేసే లెక్క ఎవరికీ పనికిరాదు.