ఆర్చి కడదాం, ఒక మనిషిని కూడా పెడదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 చివరి వరసలో మా బ్యాచ్ వాళ్ళు కూర్చున్నారు. అప్పుడూ మన చోటు అదే కదా.

నన్ను ఇంజనీరింగ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను వేటపాలెం గ్రంథాలయం గురించి మాట్లాడతానని కార్యదర్శిగారిని ముందే ఒప్పించాను. ఇంజనీరింగ్ మధ్యలో వస్తుంది లెండి.

తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు నలుగురిని సైకిళ్ళ మీద వేటపాలెం తీసుకెళ్ళారు. అప్పటిదాకా నాకు వేటపాలెం అంటే జీడిపప్పు, మగ్గాల చప్పుడు. ఆ రోజు సారస్వత నికేతనం చూశాను. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠిగారు ఊళ్ళో యువకుల్ని కూడగట్టి మొదలుపెట్టిన సంస్థ అది. 1929లో గాంధీగారు ఖద్దరు యాత్రలో వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర అక్కడే ఉంది. మేం ఆ కర్ర చూడటానికి తోసుకుంటుంటే, మాస్టారు మమ్మల్ని పాత పత్రికల దగ్గరికి లాక్కుపోయారు.

మా తాత చిన్నప్పుడు, 1921లో, మునిసిపల్ పన్ను కట్టం అని చీరాల–పేరాల జనం ఇళ్ళు వదిలి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెనక నడిచి రామనగర్‌లో పాకలు వేసుకున్నారు. ఆ పాకల్లో మా తాత కూడా ఉన్నాడు. ఎండకి, వానకి పడ్డ పాట్లు ఎన్నిసార్లు చెప్పినా మేం నవ్వేవాళ్ళం. మా ఇంట్లో అది తాత చెప్పే కథ. ఆ పాత కాగితం మీద అదే సంగతి తేదీతో సహా అచ్చయి ఉంది. ఇంటికొచ్చి తాతకి చెబితే, "మరి అబద్ధం అనుకున్నావుట్రా?" అన్నాడు.

ఆ గ్రంథాలయం ఏ సర్కారూ పెట్టింది కాదు. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకట రమణయ్యగారు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని నిలబెట్టిన రోజుల నుంచీ మన వైపు ఇదే పద్ధతి. చందాలు వేసుకుని పుస్తకాలు కొన్నారు. 1935లో పాతూరి నాగభూషణంగారైతే కాలువ మీద పడవలోనే గ్రంథాలయం నడిపించారు. పత్రిక వచ్చిన రోజు చదివి పారేయకుండా, కుట్టించి, బైండు చేయించి దాచారు. వాళ్ళు దాచబట్టే ఇవాళ పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వేటపాలెం రైలెక్కుతున్నారు.

ఇక ఇంజనీరింగ్. పత్రికల కాగితం చౌకరకం కలప గుజ్జు. అందులో లిగ్నిన్ అని ఒకటుంటుంది. గాలి, వెలుతురు తగిలేకొద్దీ అది పచ్చబడుతుంది, కాగితంలో ఆమ్లం చేరి పెళుసెక్కుతుంది. 300 ఏళ్ళ తాటాకు చేతిలో నిలుస్తుంది గానీ, 70 ఏళ్ళ పేపరు అప్పడంలా విరుగుతుంది. మనది సముద్రపు గాలి, దానికి తోడు చెదలు.

ఇదంతా తెలిసీ నేనొక తెలివితక్కువ పని చేశాను. కొన్నేళ్ళ క్రితం మేం స్నేహితులం డబ్బు వేసుకుని, వేరే ఊళ్ళో ఒక చిన్న గ్రంథాలయానికి స్కానర్ కొనిచ్చాం. జిరాక్స్ మిషన్‌లా మూత వేసే రకం. బైండు చేసిన పాత సంపుటాన్ని బోర్లించి నొక్కగానే మడత దగ్గర పేజీ పుటుక్కున విరిగింది. నొక్కింది నేనే. అలాంటివాటికి పైనుంచి ఫొటో తీసే కెమెరా పెట్టాలి. రెండేళ్ళ తరువాత వెళితే స్కానర్ మీద తువ్వాలు ఆరేసి ఉంది. అక్కడ పనిచేసేవారిది తప్పు కాదు. ఉన్నది ఒక్క మనిషి. తలుపు తీయడం, ఊడవడం, పుస్తకాలివ్వడం అన్నీ ఆయనే. మేం మిషన్‌కి డబ్బిచ్చాం, దాన్ని నడిపే మనిషి జీతానికి ఇవ్వలేదు. శిలాఫలకం మీద మా పేర్లు మాత్రం తళతళ మెరుస్తున్నాయి.

మన బడి సంగతికొస్తాను. మాస్టారు మాచేత ఏడాదికొక లిఖిత పత్రిక రాయించేవారు. ఒకటే ప్రతి. నేను సంపాదకుణ్ణి కాబట్టి బీరువాలో పెట్టి తాళం వేసే పని నాదే. ఆ బీరువా కారే గోడకి ఆనుకుని ఉండేది. ఇంజనీరు కాకముందు సంగతి! ఈ సంచిక కోసం వెతికితే అందులో మిగిలింది నల్లటి ముద్ద. ఒక ఏడాది ప్రతి మాత్రం మా క్లాసు అమ్మాయి పుట్టింట్లో, ట్రంకుపెట్టెలో దొరికింది. అక్షరాలు కొత్తగా రాసినట్టున్నాయి.

ఇప్పుడు సంఘం ముందు స్వర్ణోత్సవ ఆర్చి ప్రతిపాదన ఉంది. నేను అడ్డు చెప్పను. డిజైన్ ఉచితంగా చేసిస్తాను. కానీ ఎత్తు కాస్త తగ్గించి, ఆ మిగులుతో ఒక మనిషికి రెండేళ్ళ జీతం ఇద్దామని నా మనవి. మన బడి పుస్తకాలకి, మన ఇళ్ళల్లో ఉన్న పాత కాగితాలకి పట్టిక రాసి, ఫొటోలు తీయడం ఆ మనిషి పని. వేటపాలెం వారు ఒప్పుకుంటే ఒక సెట్టు వారికీ ఇద్దాం. అధ్యక్షులవారు ముఖం చిట్లిస్తున్నారు, మధ్యాహ్నం చర్చలో మాట్లాడుకుందాం.

భోజనాల దగ్గర నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఎవరింట్లో ఏమున్నాయో చెప్పండి. లిఖిత పత్రికలు, గ్రూపు ఫొటోలు, నాటకాల కరపత్రాలు, ప్రోగ్రెస్ కార్డులు, మార్కులు తక్కువ వచ్చినవైనా సరే. చిరిగినవి చిరిగినట్టే తెండి. దయచేసి సెల్లోటేపు మాత్రం అంటించకండి.